మన ద్వారబంధానికి ఘనా టేకు ఎందుకొచ్చింది?

టింబర్ డిపోకి వెళ్లి ద్వారబంధాలకు టేకు కావాలని అడిగితే ముందుగా వచ్చే ఎదురు ప్రశ్న ‘ఏ టేకు?’ అని. బలార్షా ఉంది, ఘనా ఉంది, సూడాన్ ఉంది, ఈక్వెడార్ ఉంది, బ్రెజిల్ ఉంది. బర్మా కావాలంటే దాని రేటే వేరు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇవన్నీ బియ్యం రకాల పేర్లలా వినిపిస్తాయి. మేస్త్రీ ఏది బాగుంటుందంటే అదే తీసుకుంటారు. కానీ వీటిలో బలార్షా ఒక్కటే మన పొరుగు ఊరు, మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరిది. మిగిలినవన్నీ వేరే దేశాలు. ఎక్కడో సముద్రాల అవతల ఎవరి నేలలోనో పెరిగిన చెట్టు ఓడెక్కి, రేవు దిగి, లారీలో మన ఊరి సామిల్లుకు చేరింది.

ఇందులో ఆశ్చర్యపోవలసిన విషయం ఉంది. టేకు మన చెట్టు. ప్రపంచంలో టేకు తనంతట తాను అడవిగా పెరిగే దేశాలు నాలుగే: భారత్, మయన్మార్ (పాత పేరు బర్మా), థాయిలాండ్, లావోస్. ఆఫ్రికాలో గాని, లాటిన్ అమెరికాలో గాని ఎవరో నాటితే తప్ప టేకు లేదు. ఇంగ్లీషులో ఆ చెట్టుకున్న పేరు కూడా మలయాళం ‘తేక్కు’ పోర్చుగీసుల నోట పడి మారినదే. జన్నారం అడవుల మీదుగా వెళ్లేవాళ్లకు వానాకాలంలో రోడ్డుకిరువైపులా టేకు ఆకులే కనిపిస్తాయి. అలాంటి చెట్టున్న దేశం ఇవాళ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ టేకు కొంటోంది. 2005 నుంచి 2014 వరకు అంతర్జాతీయ టేకు వ్యాపారంలో పరిమాణం లెక్కన దాదాపు నాలుగింట మూడు వంతులు ఒక్క భారతదేశమే కొంది. టేకుతో పాటు పైన్, మెరంటీ, ప్లైవుడ్ పైపొరకు వాడే రకాలు అన్నీ కలిపితే, కలప, కలప సరుకుల దిగుమతికి మన దేశం ఏటా పెట్టే ఖర్చు కొంచెం అటూ ఇటూగా 200 కోట్ల డాలర్లు.

దీని వెనక ఉన్న కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు. మన అడవిని నరకొద్దని మనం నిర్ణయించుకున్నాం. మన ఇళ్లలో వాడే కలప తగ్గించుకోవాలని మాత్రం నిర్ణయించుకోలేదు. ఆ రెండింటి మధ్య తేడా ఎంతో, అంత కలప బయటి నుంచి రావాలి. ఆ బయట ఎక్కడ, ఎవరి అడవి, ఎవరి అనుమతితో అన్నదే అసలు విషయం.

రంగం కర్ర

బర్మా టేకు మీద తెలుగువాళ్ల మోజు ఇప్పటిది కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పాత తరం వాళ్లకు రంగూన్ అంటే ‘రంగం’. బతుకుతెరువు కోసం కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలాది మంది అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో, కలప మిల్లుల్లో పనికి వెళ్లారు. ఎంతమంది వెళ్లారంటే, బర్మావాళ్లు తెలుగు కూలీలను కోరంగి రేవు పేరుతోనే ‘కొరంగీ’లని పిలిచేవారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. అక్కడి టేకు ఇక్కడికి రావడం, ఇక్కడి మనుషులు అక్కడికి పోవడం ఒకే సముద్రం మీద, ఒకే కాలంలో జరిగాయి.

ఆ టేకు కోసం యుద్ధం కూడా జరిగింది. 1885లో బర్మా రాజు థీబా, అక్కడ టేకు కొట్టుకునే హక్కులున్న బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ మీద భారీ జరిమానా వేశాడు. కంపెనీ తీసుకెళ్లిన దుంగల లెక్క తక్కువ చూపించి రాజుకు కట్టాల్సింది ఎగ్గొట్టిందన్నది ఆరోపణ. బర్మాలో ఫ్రెంచివాళ్లు పాగా వేస్తారేమోనన్న భయం బ్రిటిష్ వాళ్లకు అప్పటికే ఉంది. ఈ జరిమానా వాళ్లకు సాకుగా దొరికింది. నవంబర్‌లో మొదలైన యుద్ధం ఆ నెలాఖరుకే ముగిసింది. మాండలే పడిపోయింది, థీబాను రత్నగిరికి తీసుకొచ్చి బందీగా ఉంచారు. దుంగల లెక్కలో తేడా అన్నది ఇవాళ కొత్తగా పుట్టిన సమస్య కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బర్మా టేకుకు అంత పేరు రావడానికి కారణం దాని వయసు. అడవిలో నెమ్మదిగా పెరిగిన చెట్టు అది. ఎనభై, వంద, నూటయాభై ఏళ్ల చెట్లను ఎంచి కొట్టేవారు. పచ్చి టేకు దుంగ నీళ్లలో మునిగిపోతుంది. అందుకని ముందు చెట్టు మొదట్లో బెరడును, దాని కింది తెల్లకర్రను వలయంగా చెక్కేసి, నిలబడ్డ చోటే రెండు మూడేళ్లు ఎండనిచ్చేవారు. తర్వాత పడగొట్టి, ఏనుగులతో వాగు దాకా ఈడ్పించి, వరద వచ్చాక తెప్పలు కట్టి ఇరావతి నది మీద రంగూన్‌కు తేల్చేవారు. గోదావరి మీద ఏజెన్సీ కలప తెప్పలుగా రాజమండ్రి చేరినట్టే. ఇంత నెమ్మదిగా, ఇంత నిండుగా చేవ పట్టిన కర్రకు చెద పట్టదు, వానకు ఉబ్బదు, ఎండకు వంకర తిరగదు. తాతల నాటి ఇంటి ద్వారబంధం ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉందంటే అది ఆ వయసు ఇచ్చిన బలం.

మన ఇళ్లలో ఈ కోరిక ఎందుకు తగ్గలేదో కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. కిటికీలు యూపీవీసీకి మారిపోయాయి. పడకగదుల తలుపులు ఫ్లష్ డోర్లయ్యాయి. బాత్రూమ్ గుమ్మాలకు గ్రానైట్, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) వచ్చాయి. కానీ సింహద్వారం దగ్గరికొచ్చేసరికి ఎవరూ రాజీ పడరు. ద్వారబంధం, తెలంగాణలో దర్వాజా, నిలబెట్టడానికి ముహూర్తం చూస్తారు. గడపకు పసుపు రాసి బొట్లు పెడతారు. అప్పు చేసి కట్టే ఇంట్లో కూడా ఆ ఒక్క కర్ర టేకుదే కావాలి. ఒక్కో ఇంటికి కొద్ది ఘనపుటడుగులే, కానీ దేశంలో ఏటా లేచే ఇళ్లూ ఫ్లాట్లూ లక్షల్లో ఉన్నాయి. మధ్యతరగతి పెరిగేకొద్దీ మంచాలు, డైనింగ్ టేబుళ్లు, వార్డ్‌రోబ్‌లు తోడయ్యాయి.

తలుపు మూసిన సంవత్సరాలు

స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం ప్రభుత్వాలకు అడవి అంటే ఆదాయం. కూపులు, అంటే కొట్టడానికి హద్దులు వేసిన అడవి ముక్కలు, వేలం వేసేవారు, కాంట్రాక్టర్లు కొట్టేవారు. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం ఒక పెద్ద మలుపు. అడవి ముందుగా పర్యావరణం కోసం, దాన్ని ఆనుకుని బతికే జనం కోసం. పరిశ్రమలు తమకు కావలసిన కలప రైతుల దగ్గర పెంచుకోవాలి అని అది స్పష్టంగా చెప్పింది. 1990లలో దుంగల దిగుమతికి తలుపులు బార్లా తెరిచారు. ఆ తర్వాత 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ తిరుముల్‌పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఒక్క దెబ్బతో పరిస్థితి మార్చేసింది. నీలగిరి అడవుల నరికివేత మీద మొదలైన ఆ కేసు దేశమంతటికీ వర్తించింది. కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవిలో చెట్టు కొట్టకూడదు. ఈశాన్య రాష్ట్రాల నుంచి బయటికి కలప రవాణా ఆగిపోయింది. అస్సాంలో ప్లైవుడ్ పరిశ్రమ దాదాపు కుప్పకూలింది.

ఆ ఉత్తర్వు తప్పని ఎవరూ అనలేరు. అది లేకపోయి ఉంటే ఈశాన్యంలో ఇవాళ మిగిలిన అడవి కూడా మిగిలేది కాదు. 2023 అటవీ నివేదిక ప్రకారం దేశ విస్తీర్ణంలో అడవి 21.76 శాతం, చెట్లు కూడా కలిపితే 25.17 శాతం. జనాభా ఇంతగా పెరిగిన దేశంలో అది చిన్న విషయం కాదు. కానీ ఆ లెక్క చూసి సంతోషించేటప్పుడు పక్కన ఇంకో లెక్క కూడా పెట్టుకోవాలి. అదే కాలంలో గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగిన దుంగల లెక్క.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1988 నవంబర్‌లో దక్షిణ థాయిలాండ్‌లో వరదలకు కొండలు విరిగిపడి, కొట్టి ఉంచిన దుంగలు కొట్టుకొచ్చి ఊళ్ల మీద పడ్డాయి. వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో థాయిలాండ్ అడవుల నరికివేతను పూర్తిగా నిషేధించింది. అప్పటికే థాయ్ సైన్యాధిపతి రంగూన్ వెళ్లి మాట్లాడుకుని వచ్చాడు. సరిహద్దు వెంట బర్మా అడవులను కొట్టుకునే అనుమతులు థాయ్ కంపెనీలకు దక్కాయి. 1998లో చైనాలో యాంగ్జీ నది వరదలకు మూడు వేల మందికి పైగా చనిపోయారు. పై ప్రాంతాల్లో అడవి కొట్టేయడమే వరద ఇంత ఉద్ధృతం కావడానికి ఒక కారణమని చైనా ప్రభుత్వం గుర్తించి నరికివేతకు అడ్డుకట్ట వేసింది. కొద్ది ఏళ్లలోనే చైనా ప్రపంచంలో అతిపెద్ద దుంగల దిగుమతిదారు అయింది. రష్యా, మయన్మార్, పాపువా న్యూగినియా, ఆఫ్రికా, ఎక్కడ దొరికితే అక్కడ కొంది.

మూడు దేశాలు, మూడు మంచి నిర్ణయాలు. మూడు చోట్లా గొడ్డలి కింద పడలేదు, సరిహద్దు దాటింది. తన అడవి కాపాడుకోగలిగే శక్తి ఉన్న దేశం తలుపు మూసుకుంటే, ఆ శక్తి లేని దేశం మీద బరువు పడింది. యుద్ధంలో ఉన్నది, అప్పుల్లో ఉన్నది, సైన్యం చేతిలో ఉన్నది, ఇలాంటి దేశాలే ఎక్కువగా అమ్మడానికి సిద్ధపడ్డాయి. మన వరకు చూస్తే ఆ బరువు మోసినవి ముఖ్యంగా మయన్మార్, మలేషియా. మలేషియాలో సారవాక్ రాష్ట్రం నుంచి దుంగలు కొన్నవాళ్లలో ముందు వరుసలో ఉన్నది భారతదేశమే. ఆ సారవాక్ అడవుల్లోనే పెనాన్ గిరిజనులు 1987 నుంచి రోడ్లకు అడ్డంగా నిలబడి లారీలను ఆపారు. అరెస్టయ్యారు. మళ్లీ వచ్చి నిలబడ్డారు. ‘మలేషియా కర్ర’ అని చవగ్గా కొన్న కిటికీ చట్రాల వెనక ఆ పోరాటం ఉందని ఇక్కడ ఏ డిపోలోనూ ఎవరూ చెప్పలేదు.

2014 తర్వాత

2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేసింది. కోసిన చెక్క మాత్రమే బయటికి పోవాలి. తన అడవి తరిగిపోతోందన్న భయం, కోత పని, దాని కూలి తన దేశంలోనే ఉండాలన్న ఆలోచన, రెండూ ఇందులో ఉన్నాయి. భారతీయ వ్యాపారులకు ఇది పెద్ద దెబ్బ. మనవాళ్లు కొనేది ఎక్కువగా దుంగలే. కోసిన చెక్క కంటే దుంగ మీద దిగుమతి సుంకం తక్కువ. పైగా ఇక్కడ వేల సామిళ్లు ఆ దుంగల మీదే బతుకుతున్నాయి. ద్వారబంధానికి 5 అంగుళాలు 3 అంగుళాలు, తలుపు పలకకు ఇంత, కిటికీకి ఇంత అని మన కొలతలు మనవి. దుంగ చేతిలో ఉంటే కావలసినట్టు కోసుకోవచ్చు.

దాంతో చూపు తోటల మీదికి మళ్లింది. వలస పాలకులు ఆఫ్రికాలో వందేళ్ల కిందటే టేకు నాటించారు. అసలు ప్రపంచంలో మొదటిదని చెప్పుకునే టేకు తోట మన దేశంలోనే, కేరళలోని నీలంబూర్‌లో, 1840లలో పెరిగింది. మలబార్ కలెక్టర్ కొనోలీ పూనుకుంటే చాత్తు మీనన్ అనే అటవీ ఉద్యోగి దగ్గరుండి నాటించాడు. అక్కడ నేర్చుకున్న పాఠమే తర్వాత ఆఫ్రికా నుంచి లాటిన్ అమెరికా దాకా పాకింది. 2010 నాటికి ప్రపంచంలో నాటిన టేకు దాదాపు 43 లక్షల హెక్టార్లు. సహజంగా పెరిగే టేకు అడవి 2 కోట్ల 90 లక్షల హెక్టార్లు, అందులో ఇంచుమించు సగం మయన్మార్‌లోనే.

ఘనా తన సహజ అడవి దుంగల ఎగుమతిని ఎప్పుడో ఆపేసింది. నాటిన టేకును మాత్రం అమ్ముకోనిస్తుంది. తెమా, టకోరాడీ రేవుల నుంచి ఆ దుంగలు కంటైనర్లలో బయలుదేరతాయి. ఈక్వెడార్, పనామా, కోస్టారికా, బ్రెజిల్, టాంజానియా, బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ ఇదే దారిలో వచ్చాయి. నిజాయితీగా చెప్పాలంటే, మంచి తోట టేకు కొనడంలో తప్పేమీ లేదు. ఎవరో నాటారు, పెంచారు, కోసి అమ్ముకున్నారు, మళ్లీ నాటారు. వేరుశనగ పంట అమ్మినంత న్యాయంగా అది జరగొచ్చు. బర్మా అడవిలో నూరేళ్ల చెట్టు కూలడం కంటే ఇది ఎంతో మేలు.

కానీ తోట టేకుకు వయసు తక్కువ. చాలావరకు ఇరవై, పాతికేళ్ల లోపు కోసేస్తారు. ఇక్కడే కొనేవాళ్లకు ఒక లెక్క తెలిసి ఉండాలి.

టేకు దుంగల వ్యాపారంలో హాపస్ కొలత అనేది ఒకటుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ హాపస్ అనే ఆయన పట్టికలు వేసి పెట్టిన పద్ధతి. దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ అయితే, నాలుగో వంతు 12 అంగుళాలు అంటే ఒక అడుగు. ఒకటిని ఒకటితో, పదితో హెచ్చవేస్తే హాపస్ లెక్కలో 10 ఘనపుటడుగులు. నిజంగా ఆ దుంగలో ఉన్నది 12.7 ఘనపుటడుగులు. కోతలో పోయే తరుగుకని అయిదో వంతుకు పైగా ముందే వదిలేసే పద్ధతి ఇది. పెద్ద దుంగలకు ఈ లెక్క సరిపోతుంది.

ఇప్పుడు అదే పొడవులో 24 అంగుళాల చుట్టుకొలత ఉన్న చిన్న తోట దుంగ తీసుకోండి. ఇలాంటివి నాలుగు కలిస్తే లెక్క ప్రకారం ఒక పెద్ద దుంగ. కానీ దీని అడ్డకొలత ఏడున్నర అంగుళాలు దాటి కొంచెమే. చేవ చుట్టూ అంగుళం మందాన తెల్లటి భాగం ఉందనుకుంటే, లోపల చేవ అయిదున్నర అంగుళాల పైచిలుకు. 5 అంగుళాలు, 3 అంగుళాల ద్వారబంధానికి మూల నుంచి మూలకు కావలసింది 5.8 అంగుళాలు. అంటే ఆ దుంగలో నుంచి ఒక్కటంటే ఒక్క ద్వారబంధం కర్ర తీసినా మూలల్లో తెలుపు వస్తుంది. పురుగు, చెద ముందు పట్టేది ఆ తెలుపుకే. రంగు పూసి ఉంటే కంటికి కనిపించదు. ‘టేకే పెట్టించాం కదా, అప్పుడే చెద ఎలా పట్టింది?’ అని బాధపడే ఇళ్ల వెనక చాలాసార్లు ఉన్నది ఈ లెక్కే. దేశం పేరు కంటే దుంగ చుట్టుకొలత, చేవ ఎంత అన్నవి ముఖ్యం. కర్ర రంగు వేయకముందే చూసుకోవాలి.

ఇక మన డిపోల్లో బాగా వినిపించే ‘సూడాన్ టేకు’. ఇది ఎక్కువగా దక్షిణ సూడాన్‌ది. బ్రిటిష్ పాలనలో నాటిన తోటలు. 2011లో స్వాతంత్ర్యం వచ్చి, 2013లో అంతర్యుద్ధం మొదలైన దేశం అది. ఆ తోటల మీద సైనికులు, సాయుధ ముఠాలు పన్నులు, మామూళ్లు వసూలు చేయడం, యుగాండా మీదుగా దుంగలు దాటిపోవడం ఐక్యరాజ్యసమితి పరిశీలకుల నివేదికల్లోకి కూడా ఎక్కింది. ఆ దుంగలకు పెద్ద మార్కెట్ మన దేశమే.

మయన్మార్ సంగతి మరీ ఘోరం. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. ఆ దేశంలో కలప అమ్మే హక్కు ప్రభుత్వ సంస్థ అయిన మయన్మా టింబర్ ఎంటర్‌ప్రైజ్‌ది. అంటే కుట్ర తర్వాత ఆ డబ్బు సైన్యం చేతికి పోతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా, తర్వాత యూరోపియన్ యూనియన్ ఆ సంస్థ మీద ఆంక్షలు పెట్టాయి. విలాస నౌకల డెక్కులకు బర్మా టేకు వాడినందుకు 2024లో బ్రిటన్ కోర్టు ఒక పడవల తయారీ కంపెనీకి జరిమానా వేసింది. భారత్ ఆంక్షలు పెట్టలేదు. అక్కడి టేకు కోసిన చెక్కగా ఇక్కడికి వస్తూనే ఉంది.

మనకు లేని చట్టం

అమెరికాలో 1900 నాటి లేసీ చట్టాన్ని 2008లో కలపకు కూడా విస్తరించారు. చెట్టు కొట్టిన దేశంలో అది నేరమైతే, ఆ కలప అమెరికాలో అమ్మడం కూడా నేరమే. యూరప్‌లో 2013 నుంచి ఇలాంటి నిబంధన ఉంది. 2023లో ఇంకా కఠినమైనది తెచ్చారు: 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన నేల నుంచి వచ్చిన కలప, కాఫీ, కోకో, రబ్బరు లాంటివి అక్కడ అమ్మకూడదు. అమలు మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. జపాన్, ఆస్ట్రేలియా, వియత్నాం ఏదో ఒక రూపంలో చట్టాలు చేసుకున్నాయి. అక్రమమని తెలిసిన కలపను కొనడాన్ని, రవాణా చేయడాన్ని నిషేధిస్తూ చైనా కూడా తన అటవీ చట్టాన్ని సవరించుకుంది. ఆ సవరణ 2020లో అమల్లోకి వచ్చింది.

భారతదేశంలో దిగుమతి కలప ఎక్కడిది, సక్రమంగా కొట్టిందేనా అని అడిగే చట్టం లేదు. రేవులో మన అధికారులు అడిగేది పురుగుల గురించి. అది అవసరమే. దుంగల్లో దాగి వచ్చే పురుగు మన చెట్లకు పడితే నష్టం అంతులేనిది. మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించి పురుగును చంపిన దుంగలే రావాలన్న నిబంధన పెట్టుకున్నాం. ఆ వాయువు ఓజోన్ పొరకు హాని చేస్తుందని న్యూజిలాండ్ తన రేవుల్లో దాని వాడకాన్ని కట్టడి చేస్తే, 2023లో అక్కడి పైన్ దుంగల రాక దాదాపు ఆగిపోయింది. ప్యాకింగ్ పెట్టెలకు, సెంట్రింగ్ పలకలకు కర్ర కరువై కాండ్లా పక్కనున్న గాంధీధామ్ మిల్లులు తల్లడిల్లాయి. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే తప్ప దారి దొరకలేదు. ఒక పురుగు కోసం ఇంత పట్టుదల చూపించగలిగిన వ్యవస్థ, ఆ చెట్టు దొంగిలించిందా అని ఒక్క ప్రశ్న అడగలేదా?

ఆ ప్రశ్న అడగాల్సిన బాధ్యత తెలుగువాళ్లకు అందరికంటే ఎక్కువ ఉంది. ఎందుకంటే అవతలి ఒడ్డున నిలబడితే ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఎర్రచందనం ప్రపంచంలో మన శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెరగదు. చైనాలో ఖరీదైన ఎర్రకర్ర ఫర్నిచర్ కోసం దానికి గిరాకీ. 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న చెట్టు అది, అంటే అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదు. అయినా దుంగలు కంటైనర్లలో వేరే సరుకు పేరుతో దాటిపోతూనే ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి కూలికొచ్చిన పేదలు. వాళ్లను పంపినవాళ్లు గాని, ఆ కర్రతో చేసిన కుర్చీలో కూర్చున్నవాళ్లు గాని ఆ అడవిలో లేరు. ఎర్రచందనం కొనేవాళ్లు ‘ఇది ఎక్కడిది?’ అని అడిగి ఉంటే బాగుండేదని మనం కోరుకుంటాం. మయన్మార్ గ్రామస్థులు, సారవాక్ పెనాన్లు మన గురించి కోరుకునేది అదే.

అమ్మే దేశం తెలివిగా ఉంటే తలుపు మూసి కూడా లాభపడొచ్చని గాబన్ చూపించింది. 88 శాతం అడవి ఉన్న చిన్న దేశం అది. 2010లో దుంగల ఎగుమతిని నిషేధించి, ఎంకోక్‌లో కలప పరిశ్రమల ప్రాంతం పెట్టింది. ప్లైవుడ్ పైపొరకు వాడే మయన్మార్ గర్జన్ కర్ర దొరకక ఇబ్బందిపడుతున్న భారతీయ ప్లైవుడ్ కంపెనీలు అక్కడికి వెళ్లి ఒకుమే చెట్టు నుంచి పైపొరలు తీసే యంత్రాలు పెట్టాయి. పని అక్కడివాళ్లకు దొరికింది. అంతా బాగుందని కాదు. 2019లో అక్కడి రేవులో నిషేధిత కెవజింగో కలప కంటైనర్లు మాయమైతే ఉపాధ్యక్షుడి పదవి, అటవీ మంత్రి పదవి పోయాయి. అయినా చెట్టుతో పాటు పని కూడా ఓడెక్కిపోకుండా ఆపగలిగారు.

పొలం గట్టు మీద చెట్టు

మన దగ్గర పరిశ్రమలకు వచ్చే కలపలో అత్యధిక భాగం ఇప్పటికే అడవి నుంచి కాదు, రైతు పొలం నుంచి వస్తోంది. హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ మిల్లులు పంజాబ్, హర్యానా రైతుల పాప్లర్ చెట్ల మీద నిలబడ్డాయి. కేరళలోని పెరుంబావూరుకు రబ్బరు చెట్టు ఉంది. మన కాగితపు మిల్లులకు జామాయిల్, సుబాబుల్, సరుగుడు తెలుగు రైతులే పెంచి ఇస్తున్నారు. అయితే నాలుగేళ్లలో కోతకొచ్చే సుబాబుల్ వేరు, పాతికేళ్లు ఆగాల్సిన టేకు వేరు. సుబాబుల్ రైతే రేటు కోసం మిల్లుల చుట్టూ తిరిగి అలిసిపోయి చెట్లు పీకేసిన ఊళ్లు ప్రకాశం, కృష్ణా ప్రాంతాల్లో ఉన్నాయి. పాతికేళ్ల పంట వేయమంటే ఎవరికి ధైర్యం?

దానికి తోడు 1990లలో ‘టేకు మొక్క మీద పెట్టుబడి పెట్టండి, ఇరవై ఏళ్లలో లక్షలు’ అంటూ వచ్చిన ప్రకటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ కంపెనీల్లో చాలా మునిగిపోయాయి, జనం డబ్బు పోయింది. 1999లో పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ నిబంధనలు వచ్చేసరికే జరగాల్సిన నష్టం జరిగింది. టేకు అంటే మోసం అన్న ముద్ర ఒక తరం మనసులో పడిపోయింది.

ఇంకో అడ్డంకి అనుమతులు. పట్టా భూమిలో తాను నాటిన టేకును కొట్టాలన్నా, సామిల్లుకు తీసుకెళ్లాలన్నా రైతు అటవీశాఖ దగ్గరికి వెళ్లాలి. సర్వే, కొలతలు, ముద్ర, రవాణా పర్మిట్. అడవి దొంగల్ని పట్టుకోవడానికి పెట్టిన నిబంధన చివరికి నాటినవాడి కాళ్లకు అడ్డం పడింది. ఆ టెన్షన్ పడలేక దళారికి సగం రేటుకు నిలువునా అమ్మేసుకునేవాళ్లు ఎందరో. ఘనా దుంగ రేవులో సుంకం కట్టి బయటికి రావడం కంటే, పక్క మండలం రైతు టేకు సామిల్లుకు చేరడం కష్టంగా ఉంటే, డిపో యజమాని దేన్ని ఎంచుకుంటాడు? 2014లో వ్యవసాయ అటవీ విధానం వచ్చింది. 2023 చివర్లో దేశమంతటికీ ఒకే రవాణా పాస్ అన్నారు. 2025 జూన్‌లో పొలాల్లో చెట్ల కోతకు కేంద్రం నమూనా నిబంధనలు పంపింది. రాష్ట్రాలు వాటిని ఎంత త్వరగా అమల్లోకి తెస్తాయో, వెసులుబాటు ఇచ్చే చెట్ల జాబితాలో టేకు ఉంటుందో లేదో, దాన్ని బట్టే గట్టు మీద మొక్క పెట్టాలా వద్దా అని రైతు నిర్ణయించుకుంటాడు.

ఈ వానాకాలం నాటిన మొక్క ద్వారబంధం ఇచ్చేది 2050 దాటాకే. అప్పటిదాకా దుంగలు బయటి నుంచే రావాలి. వచ్చే ప్రతి కంటైనర్‌తో పాటు ఎగుమతి చేసిన దేశం ఇచ్చే ఒక ధృవపత్రం దిగుమతిదారు ఫైల్లో ఉంటుంది. చెట్టు రకం, దేశం, పట్టించిన మందు, పట్టించిన రోజు అందులో రాసి ఉంటాయి. ఆ చెట్టు ఏ తోటలో పెరిగిందో, ఏ అడవిలో పడిందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.